సముద్రంలో దీపం, ఒడ్డున ఇల్లు



ఒక్కసారి ఇలా ఊహించుకోండి. మీ ఉద్యోగం నడిసముద్రంలో, ఒక రాతి స్తంభంలో. చుట్టూ నీళ్లు తప్ప మరేమీ కనిపించవు. ఫోన్ అన్నది ఇంకా పుట్టలేదు. రేవు నుంచి పడవ రెండు వారాలకోసారి వస్తుంది, అదీ అలలు రానిస్తే. ఒడ్డున ఇంట్లో మీ భార్యకు నెలలు నిండాయి. బిడ్డ పుట్టిన సంగతి మీకు ఎప్పుడు తెలుస్తుంది?

స్కాట్లండ్ తూర్పు తీరంలో ఆర్‌బ్రోత్ అనే రేవు ఊరు ఉంది. 200 ఏళ్ల కిందట ఆ ఊళ్లో దీనికో ఉపాయం ఉండేదని చెబుతారు. రేవు పక్కన ఒక తెల్లటి భవనం, దాని మీద జెండా కర్ర. అందులో ఉండే ఏ కుటుంబంలోనైనా కొడుకు పుడితే ఆ కర్రకు ప్యాంటు కట్టి పైకి లాగేవారు. కూతురైతే లంగా. 11 మైళ్ల దూరంలో, సముద్రం మధ్య ఉన్న లైట్‌హౌస్‌లో టెలిస్కోప్‌కు కన్ను ఆనించి నిలబడ్డ తండ్రికి తన ఇంట్లోకి ఎవరొచ్చారో తెలిసిపోయేది.

ఆ లైట్‌హౌస్ పేరు బెల్ రాక్. ఆ తెల్లటి భవనం పేరు సిగ్నల్ టవర్. దీపాన్ని చూసుకునే కాపలాదారుల కుటుంబాలు ఉండే ఇళ్లు అందులోనే. ఈ రెండింటినీ కట్టించిన మనిషి రాబర్ట్ స్టీవెన్‌సన్. రైలింజన్ల జార్జ్ స్టీఫెన్‌సన్ వేరు, ఈయన వేరు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఇద్దరినీ కలిపేసుకోవడం తేలిక, పిల్లలు అడిగితే జాగ్రత్తగా చెప్పండి.

రాబర్ట్ 1772 జూన్ 8న గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలన్, పెదనాన్న హ్యూ కలిసి వెస్టిండీస్ దీవులతో వ్యాపారం చేసేవారు. రాబర్ట్‌కు రెండేళ్లు నిండకముందే, 1774లో, తండ్రి ఆ దీవుల్లోనే విషజ్వరంతో చనిపోయాడు. అదే జ్వరం పెదనాన్ననూ తీసుకుపోయింది. సముద్రం దాటి వెళ్లిన ఇంటి పెద్దలు ఇద్దరూ తిరిగి రాలేదు. తల్లి జీన్ లిల్లీ చేతిలో పసివాడు తప్ప ఆధారం లేదు. ఎడిన్‌బరోలో పేద పిల్లల కోసం నడిపే ధర్మపాఠశాలలో ఆమె కొడుకును చేర్చింది. చర్చిలో మతబోధకుడు అవుతాడని ఆశపడింది. ఆ రోజుల్లో చదువుకున్న పేద పిల్లవాడికి కనిపించే గౌరవమైన దారి అదే.

దారి మారింది ఒక దీపాల మేస్త్రి వల్ల. థామస్ స్మిత్ ఎడిన్‌బరోలో రేకుపని చేసేవాడు, వీధి దీపాలు తయారుచేసేవాడు. నూనె దీపం వెనక మెరిసే పలక పెడితే వెలుతురు నాలుగు వైపులా చెదిరిపోకుండా ఒకవైపుకే గట్టిగా పడుతుందని అతనికి బాగా తెలుసు. 1786లో స్కాట్లండ్ తీరంలో దీపాలు పెట్టించడానికి ఒక బోర్డు ఏర్పడినప్పుడు దాని మొదటి ఇంజినీరు అతనే అయ్యాడు. భార్య పోయిన థామస్, భర్త పోయిన జీన్ పెళ్లి చేసుకున్నారు. రాబర్ట్ తన సవతి తండ్రి దుకాణంలో పనివాడిగా చేరాడు. 19 ఏళ్లకే క్లైడ్ నదీముఖంలోని లిటిల్ కంబ్రే దీవిలో లైట్‌హౌస్ పని దగ్గరుండి చూసుకున్నాడు. వేసవిలో పని, చలికాలంలో చదువు. గ్లాస్గోలో కొన్నాళ్లు, ఎడిన్‌బరో యూనివర్సిటీలో కొన్నాళ్లు పాఠాలు విన్నాడు. లాటిన్ సరిపోయినంత రాదు, గ్రీకు అసలే రాదు, కాబట్టి డిగ్రీ చేతికి రాలేదు. డిగ్రీ లేని ఈ మనిషిని తర్వాతి కాలంలో పెద్ద పెద్ద ఇంజినీర్లు సలహా అడిగేవారు. ఈ సంగతి డిగ్రీలు అక్కర్లేదని చెప్పడానికి రాయడం లేదు. ఆయన తన కొడుకులకు మాత్రం యూనివర్సిటీ చదువు తప్పించలేదు.

1799లో రాబర్ట్‌కు పెళ్లయింది. పెళ్లికూతురు థామస్ స్మిత్ మొదటి భార్య కూతురు జీన్. చిన్నప్పటి నుంచి ఒకే ఇంట్లో పెరిగిన పిల్ల. అప్పటికే బోర్డు పని చాలావరకు ఆయన చేతిలోకి వస్తోంది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన తుఫాను స్కాట్లండ్ తూర్పు తీరంలో దాదాపు 70 ఓడలను ముంచింది. ఇక్కడే బెల్ రాక్ కథలోకి వస్తుంది.

మన విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌ను మీలో చాలామంది బీచ్ నుంచి చూసే ఉంటారు. అది గట్టి నేల మీద ఉంది. బెల్ రాక్‌కు నేల అన్నదే లేదు. అది నీటి అడుగున పడుకున్న పొడవాటి రాతి బండ. పోటు వచ్చినప్పుడు దాని మీద 12 అడుగుల పైన నీళ్లు నిలుస్తాయి, బండ జాడే కనిపించదు. ఆటు సమయంలో కొన్ని గంటలు మాత్రం నల్లగా, నాచు పట్టి, నాలుగడుగుల ఎత్తున బయటికి వస్తుంది. పెద్ద రేవులకు వెళ్లే ఓడల దారికి సరిగ్గా అడ్డం. పూర్వం ఒక మఠాధిపతి దాని మీద గంట కట్టించాడనీ, ఒక సముద్రపు దొంగ ఆ గంటను తెంపేసి చివరికి అదే బండకు కొట్టుకుని పోయాడనీ కథ ఉంది. పేరు అలా వచ్చింది. ఆ బండకు భయపడి ఓడలు దూరంగా తిరిగి పోబోయి వేరే చోట నేలకు కొట్టుకునేవి. బండ ముంచిన ఓడలు కొన్నయితే, బండ భయం ముంచినవి మరికొన్ని.

స్టీవెన్‌సన్ 1800లో పడవ వేయించుకుని వెళ్లి ఆ బండ మీద దిగారు. ముందు ఇనుప కాళ్ల మీద నిలబడే స్తంభం అనుకున్నారు. అక్కడ దిగి నీటి ఉధృతి చూశాక, రాతి స్తంభం తప్ప మరేదీ నిలవదని తేల్చుకున్నారు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో జాన్ స్మీటన్ 1759లో కట్టిన ఎడ్డీస్టోన్ లైట్‌హౌస్ అప్పటికి అందరికీ తెలుసు. అయితే ఆ రాయి పోటు సమయంలో కూడా పెద్దగా మునిగేది కాదు. రోజుకు రెండుసార్లు పూర్తిగా మునిగే బండ మీద అంత పెద్ద కట్టడం అన్న మాటకు బోర్డు సభ్యులు తటపటాయించారు. కుర్రవాడు, పెద్ద కట్టడం ఏదీ కట్టి ఎరగడు, పైగా ఖర్చు బోలెడు. 1804లో 64 ఫిరంగుల యుద్ధనౌక యార్క్ ఆ ప్రాంతంలో సిబ్బంది మొత్తంతో గల్లంతైంది. దాదాపు 500 మంది. ఆ తర్వాతే కదలిక వచ్చింది. 1806లో చట్టం ఆమోదం పొందింది. ప్రధాన ఇంజినీరుగా అప్పటికే పేరు మోసిన జాన్ రెన్నీని పెట్టారు. స్టీవెన్‌సన్ ఆయన కింద, పని దగ్గరే ఉండి చేయించే ఇంజినీరు.

కట్టడం ఎవరిది అన్న తగువు ఈనాటికీ పూర్తిగా తీరలేదు. స్తంభం పాదాన్ని ఇంకా వెడల్పుగా, నేలలోకి జారినట్టు వంపుగా చేయించడం వంటి మార్పులు రెన్నీవి. ఆయన బండ మీదికి వచ్చింది మాత్రం చాలా తక్కువ సార్లు. స్టీవెన్‌సన్ ఆయనకు ప్రశ్నలతో ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ, వచ్చిన జవాబుల్లో తనకు నచ్చింది చేస్తూ పోయారు. తర్వాత పేరంతా ఆయనకే దక్కినప్పుడు రెన్నీ నొచ్చుకున్నారు. నా మటుకు ఇద్దరి పేర్లూ చెప్పడమే న్యాయం అనిపిస్తుంది. కానీ ఆ బండ మీద తడిసింది స్టీవెన్‌సన్ ఒక్కరే.

1807 ఆగస్టులో పని మొదలైంది. ఆటు ఉన్న రెండు మూడు గంటలే పని సమయం. నీళ్లు పాదాలకు తగలగానే కొలిమి ఆర్పి, పనిముట్లు మూట కట్టి పడవలెక్కాలి. కమ్మరి మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉలులకు పదును పెట్టేవాడు. రాత్రి ఆటు వస్తే దివిటీల వెలుగులో పని. దగ్గర్లో లంగరు వేసిన ఓడలో పడక. ఆ ఓడ అలలకు ఎంత ఊగేదంటే బండ మీద పనే నయం అనిపించేదట.

సెప్టెంబరు 2న జరిగింది చెప్పకుండా ఈ కథ సాగదు. ఆ రోజు బండ మీద 32 మంది ఉన్నారు. వాళ్లను తెచ్చిన స్మీటన్ అనే ఓడ లంగరు తెగి, గాలికి కొట్టుకుపోయింది. మిగిలినవి రెండు చిన్న పడవలు. కిక్కిరిసి ఎక్కినా 24 మందికి మించి పట్టరు. నీళ్లు ఎక్కడం మొదలైంది. తలవంచి ఉలి కొడుతున్న పనివాళ్లకు ఇంకా తెలియదు, స్టీవెన్‌సన్‌కు, పడవల సరంగుకు మాత్రమే తెలుసు. కాసేపటికి పనివాళ్లు తమ తమ పడవల దగ్గరికి వచ్చారు. ఉండాల్సిన మూడు పడవలకు రెండే కనిపించాయి. ఎవరూ నోరు విప్పలేదు, అందరూ ఆయన ముఖంలోకి చూశారు. ఆయన ఏదో చెప్పబోయారు. నాలుక పిడచకట్టుకుపోయి మాట రాలేదు. వంగి బండ గుంటలోని ఉప్పునీళ్లతో గొంతు తడుపుకుని లేచేసరికి, పడవ వస్తోందని ఎవరో కేక పెట్టారు. ఆర్‌బ్రోత్ నుంచి ఉత్తరాలు పట్టుకుని జేమ్స్ స్పింక్ అనే సరంగు వస్తున్నాడు. 32 మందీ బతికారు.

ఆ రోజు నాటి భయాన్ని స్టీవెన్‌సన్ దాచుకోలేదు. తర్వాత రాసిన పుస్తకంలో తన నోరు ఎండిపోయిన సంగతితో సహా రాసిపెట్టారు. మర్నాడు ఉదయం పనికి పిలిస్తే కొద్దిమందే డెక్ మీదికి వచ్చారు. మిగతావాళ్లను ఆయన తిట్టలేదు, బెదిరించలేదు. వచ్చినవాళ్లతోనే బండ మీదికి వెళ్లి పని చేయించారు. రెండో ఆటుకు అందరూ వచ్చారు.

ఇంకోసారి అలా జరగకూడదని ముందు బండ మీద పొడవాటి దుంగలు పాతి, వాటి తల మీద చెక్క ఇల్లు కట్టించారు. కింద అలలు పరిగెడుతుంటే పైన పనివాళ్ల వంట, పడక. అందులో ఆయన గది వెడల్పు నాలుగడుగుల మూడు అంగుళాలు.

ఇప్పుడు కట్టడంలోకి వద్దాం. పిల్లలు ఆడుకునే జిగ్‌సా పజిల్ ఉంది కదా, ముక్కను పక్కకు లాగితే రాదు, పైకి ఎత్తితేనే వస్తుంది. బెల్ రాక్‌లో ప్రతి రాతి వరసా అలాంటిదే. వడ్రంగి సొరుగు మూలలు కలిపేటప్పుడు చెక్కను పావురం తోక ఆకారంలో కోసి ఒకదాంట్లో ఒకటి ఇరికిస్తాడు. అదే పద్ధతిలో బరువైన రాళ్లను చెక్కారు. అల ఎటు నుంచి కొట్టినా ఒక్క రాయి మీద కొట్టినట్టు కాదు, ఆ వరసలోని రాళ్లన్నిటి మీదా కొట్టినట్టు. మరి పైకి లేవకుండా? పై వరస బరువు ఉంటుంది, అది పేర్చేదాకా కింది వరసలోకి దిగగొట్టిన ఓక్ చెక్క మేకులు పట్టుకుంటాయి. ఇలాంటి వరసలు 90. రాళ్లు మొత్తం 2,835. కింది భాగంలో బయటి వైపు గ్రానైట్, మిగతాదంతా ఇసుకరాయి.

ఈ రాళ్లన్నీ బండ మీద చెక్కినవి కావు. ఆర్‌బ్రోత్‌లోని పనిస్థలంలో వరస వరసనూ నేల మీద పూర్తిగా పేర్చి, సరిచూసి, గుర్తులు వేసి, ఆ తర్వాతే ఓడ ఎక్కించారు. నడిసముద్రంలో సాపు చేసుకుందాంలే అన్న మాటకు చోటే లేదు. పనిస్థలం నుంచి రేవు దాకా ఆ రాళ్లను లాగింది బాసీ అనే గుర్రం. పని అయ్యాక దాన్ని ఇంచ్‌కీత్ దీవికి పంపి తీరిగ్గా మేయనిచ్చారు.

1808 జూలై 10న మొదటి రాయి పెట్టారు. ఆ ఏడాది చివరికి లేచిన ఎత్తు అయిదున్నర అడుగులు. ఒక సీజనంతా కష్టపడితే మన డైనింగ్ టేబుల్ పక్కన నిలబడ్డ మనిషంత. 1809లో 31 అడుగుల దాకా వచ్చింది. అక్కడి దాకా స్తంభం పూర్తిగా గట్టి రాయి, లోపల ఖాళీ అన్నదే లేదు. 1810లో మిగతాదంతా పూర్తయింది. పాదం దగ్గర 42 అడుగుల వ్యాసం, పైకి పోయేకొద్దీ సన్నబడి 15 అడుగులు. దీపపు గదితో కలిపి ఎత్తు 115 అడుగులు. చనిపోయినవాళ్లు, చేతులు కాళ్లు నలిగినవాళ్లు ఉన్నారు. ఆ ఏళ్లలోనే స్టీవెన్‌సన్ ఇంట్లో కూడా పసిపిల్లలు పోయారు. ఆయన మళ్లీ బండ మీదికే వెళ్లారు. ఈ వాక్యం రాస్తుంటే నాకు ఆయన మీద కన్నా ఎడిన్‌బరో ఇంట్లో ఒంటరిగా ఉండిపోయిన జీన్ మీద ఎక్కువ ధ్యాస పోతోంది.

లోపలికి వెళ్లే ద్వారం నేల మట్టాన ఉండదు, గట్టి రాయి ముగిసే చోట ఉంటుంది, నిచ్చెనెక్కి చేరాలి. అక్కడ గోడ మందం ఏడడుగులు. ఆపైన ఒకదాని మీద ఒకటి గుండ్రటి గదులు. సామాను కొట్టు, నూనె నిల్వ, వంటగది, పడకగది, ఆపైన అతిథుల కోసం, పుస్తకాల కోసం ఒక గది, అన్నిటికీ పైన దీపం. ఇక్కడ స్టీవెన్‌సన్ చేసిన ఒక పని చూడండి. స్మీటన్ ఎడ్డీస్టోన్‌లో గదుల పైకప్పులను కమానులుగా కట్టాడు. కమాను బరువు గోడలను బయటికి తోస్తుంది, అందుకని చుట్టూ గొలుసులు బిగించాల్సి వచ్చింది. బెల్ రాక్‌లో నేల పలకలను గోడ రాళ్లలో భాగంగానే చెక్కి, ఒకదానితో ఒకటి ఇరికించారు. దాంతో ఆ నేలే గోడలను లోపలికి పట్టి ఉంచింది. గదిలో మనిషి నడిచే నేల, గదిని విడిపోకుండా పట్టుకునే కట్టు, రెండూ ఒకటే.

1811 ఫిబ్రవరి 1న దీపం వెలిగించారు. వెండిపూత రాగి పలకలు అమర్చిన 24 నూనె దీపాలు. గడియారం లాంటి యంత్రం వాటిని తిప్పుతుంటే సముద్రం మీదికి ఒకసారి ఎర్ర వెలుగు, ఒకసారి తెల్ల వెలుగు పడేది. ఇది బెల్ రాక్ దీపమే, పక్క రేవుది కాదు అని నావికుడికి తెలియడానికి ఆ రంగు. పొగమంచు కమ్మి వెలుగు కనపడనప్పుడు అదే యంత్రం పెద్ద గంటలు మోగించేది. పాత కథలోని గంట మళ్లీ బండ మీదికి వచ్చింది, ఈసారి తెంపడానికి వీల్లేనంత ఎత్తున.

స్తంభం లేచింది. దాంట్లో మనుషులుండాలి, ఆ మనుషులకు ఇళ్లుండాలి. తీరం మీది మామూలు లైట్‌హౌస్‌లలో కాపలాదారు ఇల్లు స్తంభాన్ని ఆనుకునే ఉంటుంది. భార్యాపిల్లలు కిందే, దీపం పైనే. బెల్ రాక్ మీద అలా కుదరదు. అక్కడ మొక్క మొలవదు, పిల్లవాడు పది అడుగులు పరిగెత్తే చోటు లేదు. కాబట్టి ఒకే లైట్‌హౌస్‌ను రెండు ముక్కలుగా కట్టాల్సి వచ్చింది. ఒక ముక్క సముద్రంలో, రెండోది ఒడ్డున. ఈ రెండో ముక్క 1813లో పూర్తయిన సిగ్నల్ టవర్. మధ్యలో 50 అడుగుల బురుజు, దానికి ఆనుకుని కాపలాదారుల ఇళ్లు. ప్రతి కుటుంబానికీ వేరే వాటా, కూరగాయలు వేసుకోవడానికి కాస్త పెరడు. ఊరి చర్చిలో ఆ కుటుంబాలు కూర్చోవడానికి స్థలం కూడా బోర్డే ఏర్పాటు చేసింది. కొత్త ఊరికి బదిలీ మీద వెళ్లిన వాళ్లకు ఈ చివరి సంగతి విలువ తెలుస్తుంది. ఇల్లు ఎవరైనా ఇస్తారు, నలుగురిలో కూర్చునే చోటు ఎవరో గాని చూడరు.

బురుజు పైగదిలో టెలిస్కోప్ ఉండేది. రోజూ ఉదయం లైట్‌హౌస్ మీద ఒక రాగి బంతిని కర్రకు పైకి ఎత్తేవారు. అంతా క్షేమం అని అర్థం. ఒడ్డున బురుజు మీద కూడా బంతి లేచేది, చూశాం అని జవాబు. బంతి లేవకపోతే ఏదో జరిగింది, పడవ బయల్దేరాలి. కాపలాదారులు నలుగురు. ఎప్పుడూ ముగ్గురు బండ మీద, ఒకరు ఒడ్డున. ఆరు వారాలు సముద్రంలో, రెండు వారాలు ఇంట్లో. రాత్రి కాపలాలో ఉన్నవాడు తర్వాతి వాడు పైకి వచ్చేదాకా దీపం గది వదలకూడదు. స్టీవెన్‌సన్ నియమాల్లో రాజీ లేదు. తనిఖీకి వచ్చారంటే దీపం గాజుతో పాటు వంటగది గిన్నెలూ చూసేవారు. ఆయన కింద పని చేయడం సుఖంగా ఉండేదని ఎవరూ అనుకోనక్కర్లేదు.

ఎప్పుడో దూరదేశంలో పోయిన తండ్రి కబురు ఎడిన్‌బరో చేరడానికి ఎన్ని వారాలు పట్టి ఉంటుందో, ఆ తల్లి ఎన్నాళ్లు ఎదురుచూసి ఉంటుందో మనం ఊహించుకోవాల్సిందే. ఆ తల్లి కొడుకు కట్టించిన ఇంటి మీద రోజూ పొద్దున్నే ఒక బంతి లేచి, నాన్న బాగున్నాడు అని చెప్పేది. ఈ రెంటినీ ఆయన ఎక్కడా ముడిపెట్టి రాయలేదు. ముడిపెడుతున్నది నేను.

తర్వాత స్టీవెన్‌సన్ చాలా కట్టించారు. మరో డజనుకు పైగా లైట్‌హౌస్‌లు, రోడ్లు, వంతెనలు, రేవులు. 1814లో రచయిత వాల్టర్ స్కాట్‌ను వెంటబెట్టుకుని తనిఖీ ఓడలో ఉత్తర తీరమంతా తిప్పారు. 1824లో బెల్ రాక్ మీద పెద్ద పుస్తకం వెలువరించారు. ఆయన చెబుతుంటే రాసిపెట్టింది కూతురు జేన్. అదే ఏడాది బోర్డు ఆయన శిలాప్రతిమను బెల్ రాక్ పుస్తకాల గదిలో పెట్టించాలని తీర్మానించింది.

ఇక ఇంటి సంగతి. అలన్, డేవిడ్, థామస్ అని ముగ్గురు కొడుకులు ఇంజినీర్లయ్యారు. సెలవుల్లో తనిఖీ ప్రయాణాలకు, పనిస్థలాలకు తండ్రి వెంటే. పెద్దవాడు అలన్‌కు ప్రాచీన సాహిత్యం అంటే ప్రాణం. ఏదో ఒకటి తేల్చుకోమని తండ్రి నిలదీస్తే ఇంజినీరింగ్ అన్నాడు. తేల్చుకున్నాక మనసు పెట్టే చేశాడు. అతను కట్టిన స్కెరివోర్ లైట్‌హౌస్ 1844లో వెలిగింది. అది బెల్ రాక్ కన్నా ఎత్తు, చాలామంది దృష్టిలో అంతకన్నా అందం. చిన్నవాడు థామస్ తీరిక దొరికితే కథలు రాసుకునేవాడు. ఒకసారి ఆ కాగితాలు తండ్రి కంటపడ్డాయి. ఈ పిచ్చి పనులు మాని చేసే పని మీద శ్రద్ధ పెట్టమని గట్టిగా మందలించారు. థామస్ మానేశాడు. గొప్ప లైట్‌హౌస్ ఇంజినీరయ్యాడు. ఆ కుటుంబం నాలుగు తరాల పాటు స్కాట్లండ్ తీరానికి దీపాలు పెట్టింది.

మన ఇళ్లలో టెన్త్ అయ్యీ అవగానే ఎంపీసీ ఫారం నింపేసే మనం ఇక్కడ కాస్త ఆగుతాం. ఆయన చేసింది తప్పని తేల్చడం నాకు చేతకావడం లేదు. ఆ మందలింపు లేకపోతే కొన్ని దీపాలు ఉండేవి కావేమో, కొన్ని ఓడలు మునిగేవేమో. ఆ కథల్లో ఏముందో మాత్రం ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు.

రాబర్ట్ స్టీవెన్‌సన్ 1850 జూలై 12న ఎడిన్‌బరోలో కన్నుమూశారు. నాలుగు నెలలకు, నవంబరులో, థామస్‌కు కొడుకు పుట్టాడు. ఒక్కడే కొడుకు. పేరు రాబర్ట్ లూయిస్. కుటుంబ వృత్తిలోకి వస్తాడని అనుకున్నారు, వచ్చాడు కూడా. 1871లో లైట్‌హౌస్ దీపం గురించి అతను చదివిన పరిశోధన పత్రానికి వెండి పతకం ఇచ్చారు. కొద్ది రోజులకే తండ్రితో నడుస్తూ, తనకు ఇంజినీరింగ్ వద్దు, రాయడం కావాలని చెప్పేశాడు. థామస్ చాలా బాధపడ్డాడు. కానీ తన తండ్రి తనతో అన్నమాట అనలేదు. బతుకుతెరువుకు లా చదువుకోమని అడిగి ఊరుకున్నాడు.

పదేళ్లు గడిచాయి. 1881లో వాన కురిసే ఒక స్కాట్లండ్ పల్లెలో ఆ కొడుకు సముద్రపు దొంగల కథ ఒకటి మొదలుపెట్టి, ఇంట్లో వాళ్లకు రోజుకో భాగం చదివి వినిపిస్తున్నాడు. ట్రెజర్ ఐలండ్. మీ పిల్లల స్కూల్ లైబ్రరీలో ఉంటుంది. 60 దాటిన థామస్ దాన్ని ఎంత ఇష్టంగా విన్నాడంటే, కథలో ముసలి నావికుడి పెట్టె తెరిచే ఘట్టం వచ్చేసరికి, ఆ పెట్టెలో ఏమేం ఉండాలో రోజంతా కూర్చుని ఒక కవరు వెనక జాబితా రాసి కొడుక్కి ఇచ్చాడు. కొడుకు ఆ జాబితాను అలాగే వాడుకున్నాడు. దొంగల నాయకుడి ఓడకు పేరు పెట్టింది కూడా థామసే.

సిగ్నల్ టవర్ నుంచి కాపలాదారుల కుటుంబాలు 1955లో వెళ్లిపోయాయి. ఇప్పుడది మ్యూజియం. 1988లో బెల్ రాక్ మీది చివరి కాపలాదారులు దిగిపోయారు, అప్పటి నుంచి దీపం తనంత తానే వెలుగుతోంది. రాళ్లు ఇంకా ఆ 1808 నాటివే.

రాబర్ట్ లూయిస్ చివరి ఏళ్లు పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవిలో గడిచాయి. అక్కడ కూర్చుని, తను పుట్టకముందే పోయిన తాత జీవితం రాయడం మొదలుపెట్టాడు. తాత డైరీలు, బెల్ రాక్ పుస్తకం ముందేసుకుని, పడవ కొట్టుకుపోయిన ఆ సెప్టెంబరు రోజును, గొంతు ఎండిపోయిన ఆ క్షణాన్ని మళ్లీ చెప్పాడు. 1894 డిసెంబరులో, 44 ఏళ్లకు, హఠాత్తుగా చనిపోయాడు. ఆ పుస్తకం పూర్తి కాలేదు. రాసినంత మేర అది బెల్ రాక్ కట్టడం దగ్గర ఆగిపోయింది.